హోంకి వచ్చిన ఆడపిల్ల చదువు మళ్లీ తెగకుండా చూసుకోవడం ఎలా

పాలమూరు వైపు ఒక ఆడపిల్లల హోంలో చదువుల బాధ్యత చూస్తూ పదమూడేళ్లయింది. పిల్లలు నన్ను అక్కా అని పిలుస్తారు. మొన్న జూన్‌లో మా దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి "మొదటిరోజు నుంచి ఏం చెయ్యాలో రాసియ్యరాదక్కా" అని అడిగింది. ఆమె కోసం మొదలుపెట్టిందే ఇది. ఈ పనిలోకి వచ్చే మిగతావాళ్లకూ అక్కరకొస్తుందని ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది నడిగడ్డ, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతం, పత్తి చేలల్లోంచి వచ్చినవాళ్లు. విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో సాయంత్రం పూట మొగ్గ గిల్లాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దాలి. దానికి సన్నటి వేళ్లు కావాలి, పత్తి మొక్కంత ఎత్తే ఉన్న మనిషి కావాలి, తక్కువ కూలికి రావాలి. అందుకే ఆడపిల్లలను పిలుస్తారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు పిల్ల పేరు రిజిస్టరులో ఉంటుంది. ఆగస్టులో ఈ పువ్వు రుద్దే పని, అదే క్రాసింగ్, మొదలవగానే పిల్ల కనిపించదు, నవంబరు దాకా అంతే. రెండేళ్లు అలా గడిస్తే మూడో ఏడు పెళ్లి మాట లేస్తుంది.

ఆడపిల్ల చదువు ఒక్కరోజులో ఆగిపోదు. పాత గుడ్డలాగా అతుకుల దగ్గర తెగుతుంది. కాగితం లేనిచోట తెగుతుంది. కూర్చున్న తరగతికీ తనకు వచ్చినదానికీ పొంతన లేనిచోట తెగుతుంది. దసరా సెలవుల్లో, పదికీ ఇంటర్‌కీ నడుమ, పద్దెనిమిది నిండిన నాడు తెగుతుంది. అన్నం, మంచం, బట్టలు హోం ఎలాగూ ఇస్తుంది. చదువు చూసేవాళ్ల పనంతా ఈ అతుకుల దగ్గరే.

ముందు, ఈ పిల్ల హోంకి రావాలా?

ఇది అడగకుండా ఎవరినీ తీసుకోకండి. ఇంట్లో తల్లో, నాయనమ్మో ఉండి, ప్రేమగా చూసుకుంటూ, డబ్బుల్లేకనే చదువు ఆగిపోతుంటే ఆ పిల్లను అమ్మ దగ్గర్నుంచి విడదీయడం అన్యాయం. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు 4,000 రూపాయలు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ అధికారి దగ్గర పెట్టాలి. డబ్బులు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, కాళ్లరిగేలా తిరగాలి. అయినా తిరగండి.

ఇల్లు ఉంది కానీ ఊళ్లో హైస్కూలు లేదు, లేదా అమ్మానాన్నలు వలస పోతారు అంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం చూడండి. 2004లో ఈ పథకం పెట్టిందే బడికి దూరమైన ఆడపిల్లల కోసం. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతావి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పిల్లలకు. తల్లీతండ్రీ లేనివాళ్లను, ఒక్కరే ఉన్నవాళ్లను, మధ్యలో బడి మానేసినవాళ్లను ముందు చూస్తారు. చాలాచోట్ల ఇప్పుడు ఇంటర్ దాకా ఉంది. హోంకి కావాల్సినట్టు బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు అక్కర్లేదు, నేరుగా చేర్పించొచ్చు.

హోం అన్నది ఇల్లే ప్రమాదమైన పిల్లకు, అసలు ఇల్లే లేని పిల్లకు. బాల్యవివాహం ఆపి తెచ్చిన పిల్ల, ఇంట్లో దెబ్బలో అంతకన్నా ఘోరమో పడ్డ పిల్ల, రైల్వేస్టేషన్లో దొరికిన పిల్ల. ఇలాంటి పిల్ల కంటబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, రక్షణ కావాల్సిన పిల్ల ఎక్కడుండాలో తేల్చేది ఈ సమితే. వాళ్ల ఉత్తర్వు ఉంటేనే హోంలో ఉంచుకోవాలి. జాలిపడి కాగితం లేకుండా ఉంచుకుంటే రేపు ఆ పిల్లకే నష్టం. ఎవరైనా వచ్చి మా బిడ్డను దాచారంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. హోంకి కూడా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీరు కొత్తగా ఎక్కడైనా ఉద్యోగంలో చేరుతుంటే ముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి.

మొదటి వారం పుస్తకం తెరవొద్దు

ఒక ట్రంకు పెట్టె, దానికి తాళం, తాళంచెవి ఆ పిల్ల చేతికే. ఈ ఒక్కపని ఆలస్యం చెయ్యకండి. ఇంతవరకూ తనది అన్నది ఏదీ లేని పిల్ల తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుని నిద్రపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. రేపు పుస్తకాలు దాచుకునేదీ ఆ పెట్టెలోనే.

ఏం జరిగిందని అడగొద్దు. అది కౌన్సెలర్ పని, సమితి పని. పిల్ల చెప్పినంత వినండి. రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లు ఉంటారు, వాళ్లు తర్వాత క్లాసులో తూగుతారు, దాన్ని బద్ధకం అనుకోవద్దు. ఆ వారంలోనే కళ్లు, చెవులు, రక్తం పరీక్ష చేయించండి. మొద్దు అని ముద్ర పడ్డ పిల్లకు బోర్డు మసకగా కనిపిస్తూ ఉండొచ్చు.

ఏ తరగతిలో కూర్చోబెట్టాలి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. చేరిన రెండో ఏడు పదమూడేళ్ల పాపొకతె వచ్చింది. వయసును బట్టి ఎనిమిదిలో వెయ్యాలి, చట్టం అదే చెప్తుందని వారం తిరక్కుండానే బడిలో చేర్పించాను. రెండు నెలలు ఒక్కనాడూ మానకుండా పోయింది. నోట్సు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. టీచర్లు కూడా మెచ్చుకున్నారు. ఒక సాయంత్రం ఆమె సైన్సు నోట్సు తిరగేస్తున్నాను. పేజీకి కుడిమూలన "మొత్తం 42, హాజరు 37" అని రాసి ఉంది. తర్వాతి పేజీలో "మొత్తం 42, హాజరు 35". టీచరు బోర్డు మూలన రాసుకునే లెక్క అది. బోర్డు మీదున్నదాన్నంతా ఆ పిల్ల ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దించుకుంటోంది. అదే పేజీలో 'నీరు' అన్న మాట మీద వేలు పెట్టి చదవమన్నాను. నా మొహంలోకి చూసి, "గీయమంటె గీస్త అక్కా, సదువనీకె రాదు" అంది.

రెండు నెలలపాటు ఆ పిల్ల ఎంత బరువు మోసిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. బడికి దూరమైన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అది చెప్తుంది. దాంతోపాటే, తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ పిల్లకుందనీ చెప్తుంది. మనం మొదటి సగం పట్టుకుని రెండోది వదిలేస్తాం. కేంద్రం నమూనా నియమాల్లో ఈ శిక్షణ మూడు నెలలకు తగ్గకుండా, అవసరమైతే రెండేళ్ల దాకా ఉండొచ్చు. కాబట్టి పేరు ఎనిమిదిలోనే రాయించండి, పిల్లను మాత్రం కొన్నాళ్లు ఈ ప్రత్యేక శిక్షణ ఇచ్చే బ్రిడ్జి తరగతిలో కూర్చోబెడతామని హెడ్‌మాస్టరుతో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు అక్కడే ఉండి చదువుకునే బ్రిడ్జి క్యాంపులు పెట్టి, పనిలోంచి వచ్చిన పిల్లలను నేరుగా బడి దాకా నడిపించారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల కన్నా తొందరగా నేర్చుకుంటారు. ఒకటి నుంచి ఐదు దాకా ఐదేళ్లు కూర్చోబెట్టే పనే లేదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఓనమాలతో మొదలుపెడితే పదమూడేళ్ల పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. ఆమెకు తెలిసిన మాటలు అడిగి రాయండి. పత్తి, మొగ్గ, కూలి, గంప, చెల్లి పేరు. మొదటిరోజే ఒత్తులు వచ్చాయని భయపడకండి, రోజూ నోట్లో నలిగే మాటలో ఒత్తు ఊరికే పట్టుబడుతుంది. ఇరవై మాటలు గుర్తుపట్టాక వాటిలోంచే గుణింతం తీయండి.

లెక్కలు మరీ చిత్రంగా ఉంటాయి. ఆ పాపనే అడిగాను: రోజుకు 250 చొప్పున పదిహేడు రోజులకు కూలి ఎంత? తల ఎత్తకుండానే "నాలుగువేల రెండొందల యాభై" అంది. కాగితం మీద 250ని 17తో హెచ్చవేయమంటే పెన్ను కదలలేదు. ఎట్లా లెక్కేశావంటే, పది రోజులకు రెండువేల ఐదొందలు, ఏడు రోజులకు పదిహేడొందల యాభై, రెండూ కలిపిన అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాసి, పక్కనే పుస్తకంలో ఉన్న హెచ్చవేత రాసి, ఈ గీత కింద ఉన్నది నువ్వు చెప్పిన ఏడు రోజులది, ఆ కింద ఉన్నది పది రోజులది అని చూపించాను. చాలాసేపు అటూ ఇటూ చూసి, "గంతేనా?" అంది. నాలుగు నెలలకు కథల పుస్తకం చదివింది. మీరు కూడా ముందు ఆ పిల్లకు ఏం వచ్చో కనుక్కోండి, రానిది దానంతటదే బయటపడుతుంది.

కాగితాలు

ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు, విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్. పుట్టినతేదీ రుజువు లేదని పంపేయడానికీ వీల్లేదు, పద్నాలుగో సెక్షన్. ఈ రెండు సెక్షన్ల తెలుగు ప్రతి మీ బ్యాగులో ఉండాలి. వాదనకు దిగొద్దు, మర్యాదగా టేబుల్ మీద పెట్టండి. పుట్టినతేదీకి అంగన్‌వాడీ రిజిస్టరు గానీ ఏఎన్ఎం రిజిస్టరు గానీ మంచి ఆధారం. ఊరికెళ్లి అంగన్‌వాడీ టీచరును కలిస్తే పాత రిజిస్టరు దొరకొచ్చు.

బడిలో చేరింది కదా అని ఊరుకోకండి. పాత బడివాళ్లు యూడైస్‌లో, అంటే బడిపిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో, పిల్లను తమ బడి పేరు మీంచి తీసి డ్రాప్‌బాక్సులోకి వదిలితేనే కొత్త బడి తన పేరు మీదికి తెచ్చుకోగలదు. అది కాకపోతే పిల్ల రోజూ క్లాసులో కూర్చుంటుంది, ఆన్‌లైన్‌లో మాత్రం ఇంకో ఊరి పిల్ల. ఆ బాధ పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, అదే నామినల్ రోల్స్, పంపేనాడు తెలుస్తుంది. చేరిన నెలలోనే పాత హెడ్‌మాస్టరుకు మీరే ఫోన్ చేసి ఈ పని చేయించండి.

ఇంకొకటి, ఆధార్. మా పిల్లల్లో చాలామందికి పుట్టినరోజు జనవరి 1. ఎప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు తేదీ తెలీక అలా వేసేశారు. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, అందుకని సరైన రుజువు చేతికొచ్చాకే మార్పించండి, తొందరపడి ఇంకో తప్పు తేదీ వేయించకండి. ఇంటిపేరు, తండ్రి పేరు ఆధార్‌లో, బడి రిజిస్టరులో, సమితి ఉత్తర్వులో అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని తొమ్మిదో తరగతిలోనే చూసుకోండి. పది మెమో మీద పడ్డ పేరు జీవితాంతం వెంట వస్తుంది.

కుల ధ్రువపత్రం గురించి చాలామందికి తెలియని మాట ఒకటి. పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. స్కాలర్‌షిప్‌కీ సీట్లకూ ఇదెంత పెద్ద ఆసరానో వేరే చెప్పక్కర్లేదు. తహసీల్దారు ఆఫీసులో తెలియదంటే ఆ జాబితాలోని ఆ పేరా తీసి చూపించండి.

బడితో మన వ్యవహారం

ఒక బడిలో మా పిల్లలను "హోం పిల్లలు లేచి నిలబడండి" అని లెక్కపెట్టేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, యూనిఫాంలు పంచడానికి. కానీ ఆ మాటకు మా పిల్లల తలలు ఎలా వంగేవో నేను కిటికీలోంచి చూశాను. వెళ్లి టీచరమ్మతో నిదానంగా మాట్లాడితే మర్నాటి నుంచి పేర్లతో పిలిచారు. పిల్ల ఎందుకు హోంకి వచ్చిందో బడికి చెప్పనవసరం లేదు. ఆమె గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. దాతలు వచ్చి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఇచ్చిన బియ్యం బస్తాలకు ఫోటో తీసుకోమనండి.

తల్లిదండ్రుల మీటింగుకు ప్రతిసారీ ఒకే మనిషి వెళ్లాలి. ఈసారి వార్డెన్, వచ్చేసారి అకౌంటెంట్ అయితే పిల్ల దృష్టిలో ఎవరూ రానట్టే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసేముందు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సాయంత్రం చదువు గంటకు నియమం ఒకటే: ఆ సమయంలో వంటింటి పని ఎవరికీ చెప్పొద్దు. పెద్దపిల్లలను చపాతీలు చేయడానికి పిలవడం అలవాటైతే, ఏ పని వదిలి వచ్చారో ఆ పనిలోకే మళ్లీ పంపినట్టు.

దసరా, సంక్రాంతి

సెలవులు రాగానే మేనమామో తండ్రో గేటు దగ్గరికి వస్తారు. "పండక్కి తీసుకుపోయి మళ్లీ తోలిస్తం మేడం" అంటారు. ఎంత బతిమాలినా సమితి అనుమతి లేకుండా పంపొద్దు. పెళ్లి, చావు, పరీక్ష లాంటి సందర్భాలకు సెలవు ఇచ్చే అధికారం సమితికి ఉంది, మామూలుగా ఒకసారికి 7 రోజులు మించదు. అనుమతి దొరికితే తిరిగొచ్చే తేదీ రాయించుకోండి, మూడోరోజు ఫోన్ చేసి పిల్లతోనే మాట్లాడండి. దసరా క్రాసింగ్ రోజుల్లోనే వస్తుందని మర్చిపోకండి. వచ్చినాయనను గేటు బయటే నిలబెట్టి పంపేయకండి. కూర్చోబెట్టి టీ ఇచ్చి, పిల్ల నోట్సు చూపించండి. రాయడం రాని తండ్రి కూతురి పుస్తకం మీద చెయ్యి పెట్టి నిమరడం నేను చూశాను. తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు, తీసుకుపోతానని మాత్రం అడగలేదు.

పది, ఆ తర్వాత

మామూలు బడిలో కూర్చుని పది రాయడమే మొదటి దారి. వయసు బాగా మించిపోయిన పిల్లకు ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పది కట్టొచ్చు, ఐదు సబ్జెక్టులు, పాసైనవి మళ్లీ రాయనక్కర్లేదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చెప్తాను. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు ఆమెకు. తర్వాత మద్రాసులో ఆడవాళ్లను బడికి పోనివాళ్లూ రాయగలిగే కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. ఆ పనిలోంచే 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది.

కోర్టు కేసు ఉన్న పిల్లకు సాక్ష్యం తేదీ పరీక్ష రోజున పడే ప్రమాదం ఉంది. పరీక్షల టైంటేబుల్ రాగానే ఒక కాపీ పబ్లిక్ ప్రాసిక్యూటరుకు, కేసులో పిల్లకు తోడుండే సపోర్ట్ పర్సన్‌కు ఇచ్చేయండి.

పది అయ్యాక కుట్టుమిషన్ కొనిస్తామని దాతలు వస్తారు. కుట్టు అంటే ఇష్టమున్న పిల్లకు తప్పక ఇప్పించండి. హోం పిల్ల కాబట్టి కుట్టే అంటే మాత్రం ఒప్పుకోవద్దు. పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలిసెట్ ఉంది, బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, నర్సింగ్ ఉంది, ఇంటర్‌తో సహా ఉన్న కస్తూర్బాలు ఉన్నాయి. జనవరిలోనే పిల్లతో కూర్చుని ఏప్రిల్, మే, జూన్ తేదీలన్నీ గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఫలితాలకూ ఇంటర్‌లో చేరికకూ మధ్య ఉండే ఆ ఖాళీ వారాల్లోనే పిల్లలు జారిపోతారు.

పద్దెనిమిది

జనవరి 1 పుట్టినరోజు అసలు దెబ్బ ఇక్కడ కొడుతుంది. మా దగ్గర ఒకమ్మాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, పరీక్షలు మార్చిలో పెట్టుకుని, కాగితం ప్రకారం జనవరిలో 18 దాటింది. ఇక హోంలో పిల్లగా ఉండటానికి లేదు. హోం వదిలే వయసు దాటినవాళ్లకు ఆసరా ఇచ్చే ఆఫ్టర్ కేర్‌కు ముందే రాసి ఉన్నాం కాబట్టి ఆమె అదే చదువు బల్ల దగ్గర కూర్చుని చదివి పరీక్షలు రాసింది. ఆఫ్టర్ కేర్ 21 ఏళ్ల దాకా ఉంటుంది, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. 17 నిండిన వారమే దరఖాస్తు పని మొదలుపెట్టండి. ఏ కోర్సు, ఎక్కడ ఉంటుంది, ఫీజు ఎవరు కడతారు, సెలవులకు ఎక్కడికి వస్తుంది, ఈ నాలుగూ రాసి ఉండాలి. నాలుగోది చాలామంది రాయరు. కాలేజీ హాస్టల్ సెలవులకు మూసేస్తే ఆ పిల్లకు వెళ్లడానికి చోటుండదు.

వెళ్లేరోజు ట్రంకు పెట్టెలో ఒక ఫైలు పెట్టండి. పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం, సమితి ఉత్తర్వు, పది పాస్‌పోర్టు ఫోటోలు. ఒరిజినల్స్‌కు లామినేషన్ చేయించొద్దు. అన్నిటినీ స్కాన్ చేసి హోంలో ఒక ప్రతి, మీ ఫోనులో ఒక ప్రతి ఉంచుకోండి. మొన్న మార్చిలో రాత్రి పదిన్నరకు ఒకమ్మాయి ఫోన్ చేసింది. నర్సింగ్ చదువుతోంది, బస్సులో ఫైలు పోయిందట, పొద్దున్నే స్కాలర్‌షిప్ వెరిఫికేషన్. ఏడుస్తోంది. ఫోన్ పెట్టేసేలోపు పదకొండు కాగితాలూ ఆమెకు చేరాయి.